మండుతుందని చెప్పాం కదా!

వాతావరణ శాఖ మీద జోకులేసుకునే రోజులు పోయాయి. ఫిబ్రవరి ఆఖరుకల్లా మార్చి నుంచి మే దాకా ఎండలెలా ఉంటాయో ఢిల్లీ చెప్పేస్తోంది. ఏప్రిల్ వచ్చేసరికి సవరించి జూన్ దాకా మళ్ళీ చెబుతోంది. ఆపైన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, రేపు ఏ మండలంలో వడగాడ్పో, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పో పేరుపేరునా జాబితా ఇస్తోంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులద్దిన పటం నేరుగా ఫోనులోకి దిగుతోంది. మేనమామ ఇంటి పెళ్ళి శుభలేఖ కూడా ఇంత ముందుగా, ఇన్ని రంగుల్లో రాదు.

చెప్పడంలో ఏ లోటూ లేదు. చెప్పాక ఏం చేయాలన్న దగ్గరే మన యంత్రాంగానికి వడదెబ్బ తగులుతోంది.

కోస్తావాళ్ళకు వేసవి గురించి పాఠాలు అక్కర్లేదు. పడమటి గాలి అంటే చాలు, అర్థమైపోతుంది. మధ్యాహ్నానికి ఊళ్ళోకి రావలసిన సముద్రపు గాలిని అది ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. తూర్పు కనుమలు దిగే కొద్దీ ఇంకా వేడెక్కి, ఇంకా పొడిబారుతుంది. అప్పటిదాకా జిడ్డోడుతున్న ఒళ్ళు ఉన్నట్టుండి ఆరిపోతుంది, పెదాలు పగులుతాయి, తాటాకు కప్పు గలగలమంటుంది. తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు అని శాఖవారి లెక్క. మైదానంలోనైతే 40 దాటాలి. పూరిల్లు ఈ లెక్కలేవీ చదువుకోలేదు. గాలికి రెండు కరెంటు తీగలు ఒరుసుకుంటే దానికి చాలు.

ఆ తీగలు గడ్డివాముల మీదుగా ఎన్నేళ్ళ నుంచి వేలాడుతున్నాయో లైన్‌మన్‌కి తెలుసు, ఏఈకి తెలుసు, అర్జీల మీద అర్జీలు పెట్టినవాళ్ళకు మరీ బాగా తెలుసు. అయినా మర్నాడు పేపర్లో పడేది ఒక్కటే: షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమిక నిర్ధారణ. ప్రాథమికం దాటి పై తరగతికి పాసైన నిర్ధారణ ఇంతవరకు ఎవరి కంటా పడలేదు.

ఈలోగా ఫైరింజను బయల్దేరుతుంది. సిబ్బందిని అని లాభం లేదు, వాళ్ళు ప్రాణాలొడ్డే వస్తారు. స్టేషనేమో పట్నంలో, కాలనీయేమో చెరువుగట్టు అవతల. సందులో బండి మళ్ళదు. తెచ్చిన నీళ్ళు అయిపోతే నింపుకుందామంటే చెరువు ఎండిపోయింది. బోరు మోటారుకు కరెంటు లేదు, మంట లేవగానే సరఫరా ఆపేశారు మరి. 1,053 కిలోమీటర్ల తీరమున్న రాష్ట్రంలో, కళ్ళెదుట బంగాళాఖాతం పెట్టుకుని, జనం బిందెలు చేతులు మారుస్తుంటారు.

బూడిద చల్లారకముందే పుస్తకం పట్టుకుని ఒక ఉద్యోగి దిగుతాడు. "ఆధార్ ఉందా అమ్మా?" ఆమె బూడిద కేసి చూపిస్తుంది. "పోనీ జిరాక్సు?" ఆమె మళ్ళీ అటే చూపిస్తుంది. "మరి సాయం ఎలా రాసేది?" అంటాడాయన విసుగ్గా, ఇల్లు కాల్చుకుని ఆయన పనికి అడ్డం పడింది ఆమే అన్నట్టు.

అడవి సంగతి ఇంకా ముచ్చటైనది. కొండ మీద నిప్పు రాజుకుంటే ఉపగ్రహం పసిగడుతుంది, డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ నుంచి హెచ్చరిక వస్తుంది. కబురు అంతరిక్షం నుంచి దిగుతుంది, కింద బీట్ గార్డు చేతిలో ఉండేది పచ్చి కొమ్మ. దాంతోనే కొట్టి ఆర్పాలి. ఆర్పినా ఆర్పకపోయినా నేరస్థులు ముందే ఖరారు: పోడు చేసేవాళ్ళు, ఇప్పపువ్వు ఏరేవాళ్ళు, ఎవరో బీడీ విసిరినవాడు. ఎండుటాకు ఊడ్చి ఫైర్‌లైను తీయడానికి బిల్లు ఎందుకు రాలేదని మాత్రం ఏ ఉపగ్రహమూ పసిగట్టదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి బలైపోయిన అగ్నిమాపక సిబ్బంది స్మారకం అది. మనం దాన్ని కరపత్రాల పండుగగా, బడిపిల్లల వ్యాసరచన పోటీగా నెట్టుకొస్తున్నాం. 2025లో ఆ వారం మొదలవడానికి సరిగ్గా ముందురోజు అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి 8 మంది పోయారు. వారోత్సవానికి క్యాలెండర్లో తేదీ ఉంది. తనిఖీకి లేదు. అది ఎప్పుడూ శవాల లెక్క తేలాకే బయల్దేరుతుంది.

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా ఎండకే బలయ్యారు. ఆ పాఠం వృథా పోలేదు, చలివేంద్రాలు ఊరూరా వెలిశాయి. రిబ్బను కత్తిరించిన రోజు మజ్జిగ, రెండో రోజు నీళ్ళు, మూడో రోజు కుండ, ఆపైన నాయకుడి ఫ్లెక్సీ. పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి రావద్దన్న సలహా ఒకటి. ఉప్పుమడిలో పనిచేసేవాడికి చెప్పి చూడండి. ఎండ లేకపోతే అక్కడ ఉప్పే లేదు.

సలహాల్లో మనకంటే ముందున్నవారూ ఉన్నారు. 2016 ఏప్రిల్లో బిహార్ ప్రభుత్వం, పల్లెల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించొద్దంది. పేదవాడు వండుకోవడం మానేస్తే మంటలూ రావు, బియ్యమూ మిగులుతాయి. మనవాళ్ళ చెవిన పడిందో, వచ్చే వేసవికి ఇక్కడా జీవో సిద్ధం.

ఇంతకీ వాతావరణం చెప్పేవాళ్ళను తప్పుపట్టే పనిలేదు. వాళ్ళిచ్చిన హెచ్చరికను కిందివాళ్ళు ముందస్తు బెయిలుగా వాడుకోవడమే ఇక్కడి మోసం. 'మండుతుందని చెప్పాం కదా' అనేస్తే ఆఫీసు ఫైలు మూసుకుంటుంది, ఎవరి ఉద్యోగమూ కాలదు.

కాబట్టి ఒక చిన్న సవరణ. రేపటి ఎర్ర మండలాల జాబితాలో పేరు పక్కన ఇంకో నాలుగు గడులు గీయండి. దగ్గరి ఫైర్ స్టేషన్ ఎంత దూరం? నీళ్ళు ఎక్కడ నింపుకోవాలి? వేలాడే తీగలు బిగించిన తేదీ ఏది? కాలితే జవాబు చెప్పే అధికారి ఎవరు, ఫోన్ నంబరుతో సహా? ఈ నాలుగూ నింపడం చేతకాకపోతే దాన్ని ముందస్తు హెచ్చరిక అనకండి. ముందే అచ్చేసి పంచుతున్న సంతాప సందేశం అని ఒప్పుకోండి.