షరతుల మాస్టారు

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక షరతుల మాస్టారు ఉంటాడు. కోడ్ ఎవరు ఎలా రాసుకున్నా ఆయనకు పట్టదు. కన్నంతా డాక్యుమెంటేషన్ మీదే. అందులో 'ఎంతైనా', 'ఎప్పుడైనా', 'అపరిమితం' లాంటి మాట ఒక్కటి దొరికిందా, ఆ పూట ఆయనకు టిఫిన్ అక్కర్లేదు.

మా ఆఫీసు మాస్టారు ఓసారి మాదాపూర్‌లో 'అన్‌లిమిటెడ్ మీల్స్' బోర్డు చూసి సర్వర్‌ని నిలదీశాడు. "అన్‌లిమిటెడ్ అంటే అన్నమా తమ్ముడూ, అప్పడం కూడానా?" అప్పడం ఒక్కటేనట. "మరి బోర్డు మీద ఆ ముక్క రాయొచ్చుగా?" మేం పెరుగన్నంలోకి వచ్చేసరికి ఆయనింకా కౌంటర్ దగ్గరే ఉన్నాడు.

అసలు పేచీ మాత్రం పైథాన్‌తో. పూర్ణాంకం ఎంత పెద్దదైనా సరే, అడ్డు మెమరీ ఒక్కటేనని దాని మాన్యువల్ మాట. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అది చదివి మురిసిపోతారు. మాస్టారు మురవడు. "మెమరీ సరే, టైము సంగతో?" అనేవాడు. అప్పట్లో అంకెలు రెట్టింపైతే దశాంశ సంఖ్యను స్ట్రింగ్ నుంచి చదవడానికి నాలుగింతల టైము పట్టేది. ఎవడో పనిలేనివాడు లక్షల అంకెలు పంపాడంటే సర్వరు అక్కడే చతికిలబడేది. ఆయన చెప్పినప్పుడల్లా అందరం నవ్వేవాళ్ళం.

2022 సెప్టెంబర్‌లో పైథాన్ వాళ్ళే భద్రత పేరు చెప్పి హద్దు గీశారు. 4300 అంకెలు దాటితే స్ట్రింగ్‌గా మార్చమన్నా, స్ట్రింగ్ నుంచి చదవమన్నా ఎర్రరే. పదిని 5000వ ఘాతానికి ఎక్కించమంటే కిక్కురుమనకుండా ఎక్కిస్తుంది, ఎంతొచ్చిందో చెప్పమంటే మాత్రం మొండికేస్తుంది! అదే హెక్సాడెసిమల్‌లో అడిగితే ఏ పేచీ లేదు. పైగా ఈ మార్పు 3.10.7 లాంటి చిల్లర రిలీజులో వచ్చిపడింది. ఆ వారం మాస్టారి నడకే మారిపోయింది. ఆఫీసంతా స్వీట్లు పంచాడు, మనిషికి ఒక్కటేనని డబ్బా మీద రాసిపెట్టి మరీ.

ఆయనకు జావా అంటే ప్రాణం. రెండు 2147483647వ ఘాతం లోపు ఏ సంఖ్యనైనా మోస్తానని, ఆపైన ఎర్రర్ ఇవ్వొచ్చని బిగ్‌ఇంటిజర్ పేజీలో ముందే ఒప్పేసుకుంది మరి. అంటే సుమారు 64 కోట్ల అంకెలు. అంత సంఖ్యతో మా పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు ఏం పని? "పని లేకపోతేనేం, రాశారా లేదా?" అంటాడు.

మీ టీమ్‌లోనూ ఇలాంటి మాస్టారుంటే డాక్యుమెంటేషన్ రివ్యూ ఆయనకే అప్పగించండి. గడువు మాత్రం నాలుగు రోజులు ముందుకు జరిపి చెప్పండి.