తిత్తి చెప్పుకున్న కథ

బతికినన్నాళ్లూ మేక. చచ్చాకే గొంతు లేచింది. పల్నాటి వీరుల కథ చెప్పే మేళంలో ‘నేను’ అనే హక్కు కత్తి పట్టిన కథకుడిది. అందుకే తన సంగతి చెప్పేటప్పుడు ‘ఈ తిత్తి’ అనడమే దీనికి అలవాటు.

ఈ తిత్తికి తోలును సంచిలా ఒలిచారు. కన్నాలు బిగించి కట్టి, ఒకచోట ఊదే గొట్టం, మరోచోట శ్రుతి పలికే పీక అమర్చారు. చంకన పెట్టుకుని ఊదుతూ మోచేత్తో అదుముతుంటే, ఊదేవాడు ఊపిరి పీల్చుకున్నప్పుడూ నాదం తెగదు. రాగాలేవీ రావు. ఉన్నది ఒకే స్వరం. తెల్లవార్లూ దాన్నే నిలబెట్టాలి. కథకుడు బాలచంద్రుడి దగ్గర గొంతు పెంచినా, మగువ మాంచాల దగ్గర తగ్గించినా, పంబజోడు మోత చెవులకు చిల్లులు పొడిచినా, తిరిగొచ్చి నిలవడానికి శ్రుతి అక్కడే ఉండాలి.

ఆ కథ చెప్పేవాళ్లను వీరవిద్యావంతులంటారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడి మాచర్లకీ, నాయకురాలు నాగమ్మ నడిపిన గురజాలకీ మధ్య రేగిన పగ వాళ్ల సొత్తు. ఏటా కార్తీక అమావాస్యకి నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు: అయిదు రోజులు. మందపోరు నాడు కులం చూడకుండా ఒకే చాప మీద తినే చాపకూడు ఉంటుంది. తిత్తికి అన్నంతో పనిలేదు గానీ, తిని కూర్చున్న జనం మాత్రం కథ బాగా వింటారు.

కథను ఏరుకోవడానికి చదువుకున్నవాళ్లూ వచ్చారు. శ్రీనాథుడి పేర నడిచే ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చేయించారు. 1974లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ టేపు రికార్డరుతో వచ్చి, అలిసెట్టి గాలెయ్య నోట కథంతా పట్టుకున్నాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడింది. మంచి పనే. పల్లె గాయకుడి పేరు అంతదూరం వెళ్లడం చిన్న సంగతా! కాకపోతే కాగితం మీద మాట నిలుస్తుంది, మాట కింద మోగే శ్రుతి నిలవదు.

ఈ విషయంలో ఐర్లండు తిత్తి అదృష్టవంతురాలు. అక్కడ దాన్ని నోటితో ఊదరు. మోచేతి కింద కొలిమితిత్తి లాంటిది పెట్టి గాలి కొడతారు. దాన్ని వాయించే షేమస్ ఎన్నిస్ 1942 నుంచి 1947 దాకా ఆ దేశపు జానపద సంఘం తరఫున సైకిలు మీద ఊరూరా తిరిగి పాటలూ బాణీలూ రాసుకున్నాడు. ఏరేవాడూ వాయించేవాడూ ఒకడే! బాణీ ఎక్కడ మెలిక తిరిగిందో వేలికే తెలుస్తుంది. ఆ పల్లెల్లో మోగే అకార్డియన్ కూడా గాలి చుట్టమే. వియన్నాలో సిరిల్ డెమియన్ 1829లో ఆ పేరుతో హక్కు పొందాడు.

అదే గాలిచుట్టాల్లో ఇంకొకటి, హార్మణీ పెట్టె, పద్యనాటకంతో పాటు నరసరావుపేట వైపూ దిగింది. అన్ని స్వరాలూ పలుకుతుంది, చంకన మొయ్యక్కర్లేదు, దమ్ము పట్టక్కర్లేదు. ఎన్నో మేళాల్లో తిత్తిని మూలకి నెట్టింది. గమకం పలకదని ఆకాశవాణి ఆ పెట్టెను 1940లో వెలివేసి 1971 దాకా రానివ్వలేదని విన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, ఈ తిత్తి కాస్త ఉబ్బింది. తనకూ గమకం రాదనుకోండి, అది వేరే మాట.

ఇప్పుడు తిరునాళ్లలో మైకులొచ్చాయి. మొదటిది కథకుడి నోటికి, రెండోది పంబకి. తిత్తి దాకా వైరు చాలదంటారు.