దిగిరావడం టమాటాకే తెలుసు

ద్రవ్యోల్బణం తగ్గిందని టీవీలో చెప్పినప్పుడల్లా మా ఇంట్లో నాకు పని పడుతుంది. "తగ్గిందటండీ, సంచీ తీసుకుని బయల్దేరండి" అంటుంది మా ఆవిడ. పటమట రైతుబజారు దాకా వెళ్లి, అటునుంచి కిరాణా కొట్టుకి వెళ్లి, కందిపప్పు రేటు, నూనె రేటు, చింతపండు రేటు అడిగి వస్తాను. అన్నీ పోయిన నెల ఎక్కడున్నాయో అక్కడే కూర్చుని ఉంటాయి. తగ్గినదేమిటో, అది ఏ కొట్లో దొరుకుతుందో ఎవరూ చెప్పరు.

పక్క వీధిలో ఎకనామిక్స్ లెక్చరర్ గారు ఒకరున్నారు. ఆయన్నే అడిగాను. "ధర తగ్గిందని ఎవరన్నారండీ? ధర పెరిగే వేగం తగ్గింది. నిరుడు నూరు రూపాయల సరుకు నూట ఆరయిందనుకోండి, ఈ ఏడు నూట ఎనిమిదయింది. అంటే ఆరు శాతం కాస్తా రెండు శాతం లోపుకి పడిపోయినట్టు" అన్నారు.

"అయితే నేను కొట్లో ఇవ్వాల్సింది?"

"నూట ఎనిమిదే."

"మరి సంతోషపడాల్సింది ఎవరండీ?"

"రిజర్వ్ బ్యాంకు" అన్నారాయన, ఏమాత్రం తొణక్కుండా.

రిజర్వ్ బ్యాంకుకి 2016 నుంచి ఒక లక్ష్యం ఉంది. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉండాలి, మహా అయితే రెండు అటూ, రెండు ఇటూ. మనవాళ్లు 2025 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణాన్ని 0.25 శాతానికి దించేశారు. అప్పటి ధరల సూచీ లెక్కల వరసలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. అంతకుముందే, 2025 జూన్‌లో, తెలంగాణ అంకె ఏకంగా సున్నా కిందకి పోయింది. అంటే సగటున ధరలు నిరుటికంటే నిజంగానే తగ్గాయన్నమాట. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి అభినందనలు చెప్పాను. "బావా, ఇప్పుడే మా ఓనర్ గారు వచ్చి వెళ్లారు, వచ్చే నెల నుంచి అద్దె పెంచుతారట. ఆయనకి ఈ వార్త ఎవరైనా చెబితే బావుండు" అన్నాడు.

ఇందులో మోసమేమీ లేదు. లెక్క లెక్కే. 2024 అక్టోబర్‌లో కూరగాయలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 42 శాతం మండిపోయాయి. అంత ఎత్తు నుంచి కొలిస్తే మరుసటి ఏడాది ఏదైనా పల్లంగానే కనిపిస్తుంది. పైగా అప్పటి లెక్కలకి వాడిన సరుకుల బుట్టలో తిండి, పానీయాలు కలిపి దాదాపు 46 శాతం ఉండేవి. కాబట్టి వంకాయ, బెండకాయ దిగితే దేశం మొత్తం దిగినట్టే. బుట్ట కూడా 2012 ఆధారంగా కట్టింది. గుర్రబ్బండి బాడుగ, వీసీఆర్, టేప్ రికార్డర్ అందులో ఉండేవి. గుర్రబ్బండి బాడుగ పెరగకపోవడం వల్ల నాకు ఒరిగిందేమిటని ఎన్నోసార్లు ఆలోచించాను. ఎట్టకేలకు 2026 ఫిబ్రవరిలో 2024 ఆధారంగా కొత్త బుట్ట తెచ్చారు, వీసీఆర్‌కి సెలవిచ్చారు. మంచి పని.

మా మామగారి దగ్గర ఇంకో బుట్ట ఉంది. అందులో నేల టికెట్టు, కాసు బంగారం, 1983లో రామారావుగారొచ్చాక కిలో రెండు రూపాయలైన బియ్యం, అన్నీ భద్రంగా ఉంటాయి. భోజనానికి కూర్చుంటే చాలు, ఒక్కొక్కటీ తీసి వడ్డిస్తారు. అన్నిటి ధరలూ పైసలతో సహా చెబుతారు గానీ, అప్పట్లో మీ జీతమెంతండీ అంటే మాత్రం మజ్జిగ అడుగుతారు.

అసలు ఆర్థికశాస్త్రం నేను నేర్చుకున్నది మా వీధి చివర టిఫిన్ సెంటర్లో. అక్కడ గోడకి ధరల బోర్డు ఒకటుంది. పేర్లు పెయింటుతో రాసినవి, అంకెలు మాత్రం స్టిక్కర్లు. ధర పెరిగినప్పుడల్లా ఆ సెంటర్ నడిపే బాబాయి పాతదాని మీదే కొత్తది అంటిస్తాడు. ఇడ్లీ గడి ఉబ్బి బోర్డులోంచి బయటికొచ్చింది. పెసరట్టు దగ్గర స్టిక్కరు ఒక మూల ఊడి, అడుగున పాత ముప్ఫై అయిదు తొంగిచూస్తుంటుంది. చిన్ననాటి స్నేహితుడు రైలు కిటికీలోంచి కనిపించినట్టు, డబ్బులిచ్చే ముందు ఒక్క క్షణం దాన్నే చూస్తాను.

ఆ బాబాయికి ప్రపంచ రాజకీయాలన్నీ కంఠతా వచ్చు. 2022లో పూరీ ధర పెంచినప్పుడు ఎందుకు బాబాయ్ అంటే, "ఉక్రెయిన్‌లో యుద్ధం కదా గురువుగారూ, సన్‌ఫ్లవర్ ఆగిపోయింది. ఇండోనేషియా వాడు పామాయిల్ పంపనన్నాడు" అన్నాడు. నిజమే. ఆ ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి వచ్చేదే కాబట్టి, జకార్తాలో తుమ్మితే మన బాండీకి జలుబు చేస్తుంది. అయితే నెల తిరక్కుండానే, మే 23న, వాళ్లు నిషేధం ఎత్తేశారు. ఆ సంగతి పూరీకి ఇప్పటిదాకా అందలేదు.

గ్యాసుదీ అదే కథ. హోటళ్లు వాడే 19 కిలోల సిలిండర్ ధర 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వరసగా ప్రతి ఒకటో తారీఖునా తగ్గింది. ఢిల్లీ రేటు చూస్తే ఆరు నెలల్లో రెండు వందల రూపాయలకు పైనే. పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లాను.

"గ్యాస్ తగ్గిందట కదా బాబాయ్."

"తగ్గిందండీ, ఎందుకు తగ్గలేదు."

"మరి ఇడ్లీ?"

"దోశ మాస్టర్ జీతం పెంచమన్నాడు గురువుగారూ. పెంచకపోతే రేపట్నించి ఎదురు బండికాడికి పోతానంటున్నాడు. ఇప్పుడు పెంచినాక, మళ్లీ గ్యాస్ పెరిగితే ఆ జీతం తగ్గించమంటారా?"

నా దగ్గర జవాబు లేదు. నిజానికి పుస్తకాల్లో ఉన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. నూనె ఎక్కుతుంది, దిగుతుంది. గ్యాస్ ఎక్కుతుంది, దిగుతుంది. కూలి, జీతం, అద్దె, స్కూలు ఫీజు మాత్రం ఎక్కడమే గానీ దిగడం ఎరగవు. సరుకు ధరలోకి ఒకసారి మనిషి కూలి చేరిందంటే ఆ ధర ఇక కదలదు. పాపం బాబాయి లాభం తిన్నాడని కూడా అనలేం. పల్లీ చట్నీ పలచనయిందని మాత్రం అనొచ్చు. అది ధర పెంచకుండా పెంచే పద్ధతి. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఎన్నేళ్లయినా అయిదు రూపాయలే ఉండి, లోపల బిస్కెట్లు మాత్రం చిక్కిపోవడం లేదూ? అలాగే. 2025 సెప్టెంబర్ 22న బిస్కెట్లూ, సబ్బులూ, పేస్టుల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి దించినప్పుడు కొన్ని ప్యాకెట్ల మీద నాలుగున్నర లాంటి అంకెలు కనిపించాయి. ఆ అర్ధ రూపాయి చిల్లర కొట్టువాడు ఎక్కడినుంచి తెస్తాడు? చాక్లెట్ ఇచ్చాడు. ఆ పన్ను తగ్గింపు నేను నోట్లో వేసుకుని చప్పరించాను.

బాబాయి స్టిక్కరు మార్చిన మర్నాడు ఏం జరుగుతుందో చూడండి. ఆటో అబ్బాయి పొద్దున టిఫిన్ అక్కడే చేస్తాడు. ప్లేటుకి పది పెరిగితే మీటరు లేని ఆటోకి ఇరవై పెరుగుతుంది. ఆ ఆటోలో వచ్చే పనమ్మాయి మా ఆవిడ్ని అడుగుతుంది. మా ఆవిడ నన్నడుగుతుంది. నేను డీఏ పెరగాలని ఎదురుచూస్తాను. ఆ డీఏ మళ్లీ ధరల సూచీని బట్టే వస్తుంది కాబట్టి, సూచీ పెరిగితే ఇంట్లో తిట్లు, పెరగకపోతే ఆఫీసులో నిట్టూర్పులు. ఈ చక్రంలో దొంగ ఎవరూ లేరు. అందరూ ముందువాడు పెంచాడు కాబట్టి పెంచినవాళ్లే, రేపు పెరుగుతుందేమోనని ఇవాళే పెంచుకున్నవాళ్లూ ఉన్నారు. రిజర్వ్ బ్యాంకుకి భయమంతా ఈ 'రేపు పెరుగుతుందేమో' గురించే. అందుకే హైదరాబాద్‌తో సహా నగరాల్లో ఇళ్లకి మనుషుల్ని పంపి ధరలు ఇంకెంత పెరుగుతాయనుకుంటున్నారని అడిగిస్తుంది. జనం చెప్పే అంకె సాధారణంగా సర్కారు అంకెకంటే పైనే ఉంటుంది. మా ఇంటికి రాలేదు గానీ, వచ్చి ఉంటే మా ఆవిడ చెప్పే అంకెకి ఆ కాగితంలో చోటు చాలేది కాదు.

ధరల్ని అణచడానికి రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ఆయుధం రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు దాన్ని 4 నుంచి 6.5 శాతానికి పెంచారు. అప్పు ఖరీదైతే జనం ఖర్చు తగ్గిస్తారు, గిరాకీ తగ్గితే ధర తగ్గుతుంది, ఇదీ సూత్రం. నాకు ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు ఈ కబురు అందిన నెలలోనే వాయిదాల సంఖ్య పెంచేసింది. నా రిటైర్మెంటు తర్వాత కూడా కొన్నేళ్లు కడతానని దానికి నా మీద ఎంత నమ్మకమో. 2025లో రెపో రేటు దిగుతూ వచ్చినప్పుడు మాత్రం అదే బ్యాంకు, ఒక అర్జీ పెట్టుకోండి చూద్దాం అంది. ఇంతా చేసి 2023 జులైలో టమాటా ఏం చేసింది? దానికి రెపో రేటు సంగతి తెలియనే తెలియదు.

ఆ జులై చివర్లో మదనపల్లె మార్కెట్లోనే కిలో రెండు వందల దగ్గరికి వెళ్లింది. వేసవి ఎండలు, చీడలు, ఆ తర్వాత వానలు పంటని తినేశాయి. రైతుబజార్లలో ప్రభుత్వం కిలో యాభైకి అమ్మితే సినిమా టికెట్టుకి నిలబడ్డట్టు నిలబడ్డాం. మా ఇంట్లో పప్పులోకి చింతపండు తిరిగొచ్చింది. ధర చూసి ఊరూరా నారు పోశారు. రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్‌లో, అదే టమాటాని రైతులు రోడ్ల పక్కన పారబోశారు. దాచుకుందామంటే ఉండదు, నాలుగు రోజుల్లో మెత్తబడిపోతుంది. ఉల్లిపాయంత ఓపిక కూడా లేదు దానికి.

టిఫిన్ సెంటర్లో టమాటా చట్నీ కోసమని ఆ జులైలో అంటించిన స్టిక్కరు సెప్టెంబర్‌లోనూ అలాగే ఉంది. మనం టమాటాకి పెట్టే రూపాయిలో రైతుకి చేరేది 33 పైసల దాకానే అని రిజర్వ్ బ్యాంకు పరిశోధకులే 2024లో లెక్క తేల్చారు. మిగతా 67 పైసల్లో లారీ ఉంది, హమాలీ ఉన్నాడు, కమీషన్ ఉంది, కుళ్లు ఉంది, కొట్టు అద్దె ఉంది. మార్కెట్ పడిపోయినా లారీ బాడుగ, కొట్టు అద్దె తగ్గవు. కాబట్టి తగ్గాల్సిందంతా ఆ 33 పైసల్లోంచే తగ్గాలి. మనం టీవీలో విని సంతోషించే తగ్గుదల చాలామటుకు అక్కడినుంచి వచ్చిందే.

కాబట్టి పాఠకులకి నా మనవి ఒక్కటే. కిలో పదికి టమాటాలు గుట్టపోసి కూర్చున్న రైతు రైతుబజారులో కనిపిస్తే, దయచేసి ఎనిమిదికి ఇవ్వమని అడక్కండి. వీలైతే ఇంకో రెండు కిలోలు కొని నిల్వ పచ్చడి పెట్టుకోండి. బేరమాడాలని అంత సరదాగా ఉంటే మా టిఫిన్ సెంటర్‌కి రండి, ఇద్దరం కలిసి ఆడదాం.