అక్కర్లేదుగారు

ఆయన లాప్‌టాప్ మూత తెరిస్తే నల్లటి తెర కనిపిస్తుంది. పాడైపోయిందనుకుని జాలిపడకండి, అదే ఆయన డెస్క్‌టాప్. పైన సన్నటి పట్టీ ఒకటి, అందులో టైము, పక్కన ర్యామ్ ఎంత ఖర్చవుతోందో చెప్పే అంకె. ఐకాన్లు లేవు, వాల్‌పేపర్ లేదు, మెనూ లేదు. ‘‘ఇదేంటండీ, ఇందులో ఏమీ లేదే!’’ అని మీరంటే ఆయన మొహం విప్పారుతుంది. అంతకు మించిన పొగడ్త ఆయనకి తెలీదు.

కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో ఈ రకం మనిషి అంతస్తుకొకడు కాకపోయినా బ్లాకుకొకడు తప్పకుండా ఉంటాడు. పగలంతా కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ మీద పని. దాంట్లో ఏముండాలో, ఏముండకూడదో కంపెనీ నిర్ణయిస్తుంది. వాల్‌పేపర్ మార్చుకునే అధికారం కూడా ఈయనకి లేదు. ఆ కసి మొత్తం ఇంటికొచ్చి తన సొంత థింక్‌ప్యాడ్ ఎక్స్220 మీద తీర్చుకుంటాడు. 2011 నాటి మోడలు అది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల బజారుకి వెళ్లి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. కొట్టతను బ్యాగూ మౌసూ ఉచితంగా ఇస్తానంటే ‘‘అక్కర్లేదు’’ అన్నాడు. విండోస్ ఎక్కించి ఇస్తానంటే ‘‘అక్కర్లేదు’’ అన్నాడు. అయితే బిల్లు కూడా అక్కర్లేదా అని కొట్టతను ఆశగా అడిగితే మాత్రం ‘‘అది కావాలి’’ అన్నాడు. కూడా వెళ్లిన స్నేహితులు ఆ రోజు పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది.

ఆయన వాడేది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ అనే కుర్రవాడు, తన స్నేహితురాలు డెబ్రా పేరు ముందు పెట్టి, తన పేరు వెనక తగిలించి మొదలుపెట్టిన లినక్స్ ఇది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఈ కథ చెబుతాడు. విన్నప్పుడల్లా వాళ్లావిడ ‘‘చూశారా, ఆవిడ పేరే ముందు’’ అంటుంది. కథలో ఆ సంగతి కూడా ఉందని ఆయనకి ఇంకా తట్టలేదు.

ఇన్‌స్టలేషన్ ఆయనకి వ్రతం. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఐఎస్‌ఓ తప్ప పెద్దది దించడు. మనబోటివాళ్లం ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోయే చోట ఆయన ఆగి ప్రతి తెరనీ చదువుతాడు. చివర్లో ఒక జాబితా వస్తుంది. డెస్క్‌టాప్‌గా గ్నోమ్ కావాలా, ఎక్స్‌ఎఫ్‌సీఈ కావాలా, కేడీఈ కావాలా అని వరసగా పేర్లు, కావలసినవాటి పక్కన చుక్క గుర్తులు. స్పేస్ బార్ నొక్కితే చుక్క పోతుంది. ఆయన ఉన్న చుక్కలన్నీ ఆర్పేస్తాడు. ఆఖర్న ‘స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్’ అని ఒకటుంటుంది, ఏ మెషీన్‌లోనైనా ఉండవలసిన సామాను. దాన్నీ ఆర్పేస్తాడు. మాన్యువల్ చదువుకునే ‘మ్యాన్’ కమాండ్ వచ్చేది ఆ మూటలోనే. అందుచేత, ఆఫీసులో జూనియర్లు ఏమడిగినా ‘‘ముందు మ్యాన్ పేజీ చదువు’’ అని కసిరే ఈ పెద్దమనిషి సొంత మెషీన్‌లో మ్యాన్ పేజీ తెరుచుకోదు.

అసలు యుద్ధం మాత్రం ‘రెకమెండ్స్’తో. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ తనతోపాటు ఎవరెవరు రావాలో ముందే రాసిపెట్టుకుంటుంది. విస్తట్లో అన్నం ‘డిపెండ్స్’, అది లేనిదే భోజనమే లేదు. పప్పూ కూరా చారూ ‘రెకమెండ్స్’. వడియం ‘సజెస్ట్స్’. వడియాన్ని ఆప్ట్ అనే వడ్డించేవాడు అడిగితే తప్ప తేడు. పప్పూ కూరా మాత్రం అడక్కుండానే వేసేస్తాడు. అక్కర్లేదుగారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేది అక్కడే. ఏది రెకమెండ్స్‌లో పెట్టాలన్నదానికి డెబియన్ విధాన పత్రంలో నియమం ఉంది: అసాధారణమైన ఇన్‌స్టలేషన్లు మినహా మిగతా అన్నిట్లోనూ కలిసి ఉండేవాటినే పెట్టాలి. ఆ మినహాయింపు తనని దృష్టిలో పెట్టుకునే రాశారని ఆయన నమ్మకం.

ఈ విషయంలో ఆయనకి ఒక చారిత్రక దుఃఖం కూడా ఉంది. డెబియన్ విడుదలలకి ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మల పేర్లు పెడతారు. 2009 ఫిబ్రవరిలో లెన్నీ వచ్చింది. అంతకు ముందు ఆప్ట్-గెట్ రెకమెండ్స్ జోలికి తనంతట తాను వెళ్లేది కాదు, లెన్నీ నుంచి వెళ్లడం మొదలుపెట్టింది. అప్పటికి ఆయన టెన్త్ పరీక్షలకి చదువుకుంటున్నాడు, లినక్స్ పేరు కూడా వినలేదు. అయినా సరే, ఆ మార్పు గురించి చెప్పేటప్పుడు మాత్రం సొంత పొలం పోగొట్టుకున్న గొంతు పెడతాడు.

అందుకని ఆయన కొట్టే ప్రతి కమాండ్‌కీ ‘నో ఇన్‌స్టాల్ రెకమెండ్స్’ అని బారెడు తోక ఉంటుంది. నిజానికి సెట్టింగుల ఫైల్లో ఒక్కసారి ‘ఫాల్స్’ అని రాసుకుంటే ఆ తోకతో పనిలేదు. ఆయన ఎప్పుడో రాసుకున్నాడు కూడా. అయినా పక్కన ఎవరైనా నిలబడి చూస్తుంటే తోకతో సహా కొడతాడు.

మొదట్లో ఆయన ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాడు. తేలికపాటిదని అందరూ అంటారు కదా, దాన్ని రెకమెండ్స్ లేకుండా ఇంకా తేలిక చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం దిగింది. మొదలుపెడితే రాలేదు. దాన్ని తెర మీదికి తెచ్చే ఎక్స్ సర్వరే రెకమెండ్స్‌లో ఉండిపోయింది. తెల్లవారుజామున మూడింటికి దాన్ని వెతికి పట్టుకుని వేశాడు. ‘‘అదీ విషయం. నాకేం కావాలో నేనే వేసుకున్నాను’’ అన్నాడు మర్నాడు నాతో, నిద్రలేక ఎర్రబడిన కళ్లతో. ఆ తర్వాత సౌండ్ కోసం ఒక ఆదివారం పోయింది. సర్టిఫికెట్ల ప్యాకేజీ రాక, దించుకోబోయిన ప్రతిదాన్నీ నమ్మలేనంటూ మెషీన్ మొరాయిస్తే ఇంకో సాయంత్రం పోయింది.

పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం వాళ్ల అత్తవారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బావమరిది పెళ్లి ఫొటోలు తెచ్చాడు. గుచ్చాడు. ఏమీ జరగలేదు.

‘‘బావా, రావడం లేదు.’’

‘‘దానంతటది రాదు. మనం తెచ్చుకోవాలి.’’

ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఫైళ్లు చూపించేది థూనార్. పెన్‌డ్రైవ్ గుచ్చగానే తెరిచిపెట్టే ప్యాకేజీలన్నీ దాని రెకమెండ్స్‌లో ఉంటాయి, అంటే ఈయన మెషీన్‌లో ఉండవు. టెర్మినల్ తెరిచి, డిస్కుల జాబితా తీసి, ఒక ఫోల్డర్ పుట్టించి, పాస్‌వర్డ్ కొట్టి, మౌంట్ చేసి, విజయగర్వంతో లాప్‌టాప్ అత్తగారి వైపు తిప్పాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఫైళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఫొటోలు చూపించే ప్రోగ్రాం వేసుకోలేదని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. పాపం ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ‘‘ఐఎంజీ నాలుగు వేల ఇరవై ఒకటి, ఐఎంజీ నాలుగు వేల ఇరవై రెండు’’ అని చదువుకుంటూ పోయింది. ‘‘ఇందులో తలంబ్రాలు ఏవి బాబూ?’’ అని కూడా అడిగింది. బావమరిది నోరు మూసుకుని ఫోన్ తీశాడు.

తెలుగు ఫాంట్లు వేసుకోకపోవడంతో కొన్నాళ్లు ఆయనకి మాతృభాష చతురస్రాలుగా కనిపించింది. డెబియన్‌లో దొరికే ఫాంట్లలో పోతన పేరుతో ఒకటి, వేమన పేరుతో ఒకటి ఉన్నాయి. ఒంటి మీద బట్ట కూడా సరిగ్గా లేకుండా బొమ్మల్లో కనిపించే వేమన్నను కూడా అనవసరపు బరువని బయట నిలబెట్టిన ఘనత ఈయనది. బ్యాటరీ అయిపోతోందని చెప్పే నోటిఫికేషన్ ప్యాకేజీ కూడా అలాగే బయట ఉండిపోయింది. ఉదయం పది గంటలకి తత్కాల్ తెరుచుకుంది, ప్రయాణికుల పేర్లు కొట్టాడు, డబ్బు కట్టే చోటికి వచ్చాడు, తెర ఆరిపోయింది. ఆయన తెర మామూలుగానే నల్లగా ఉంటుంది కాబట్టి ఆరిపోయిందని తెలుసుకోవడానికి కొంత వ్యవధి పట్టింది. ఆ దసరాకి ఆ దంపతులు బస్సులో వెళ్లారు.

ఇలా దెబ్బ తగిలినప్పుడల్లా ఆయన ఒక పని చేస్తాడు. ‘కావలసినవి’ అనే ఫైల్ ఒకటి పెట్టుకుని, ఏ ప్యాకేజీ లేకపోవడం వల్ల ఏ పని ఆగిందో రాసి, ఆ పేరు కింద చేరుస్తాడు. పెన్‌డ్రైవ్‌కి ఇవి, ఫాంట్లకి ఇవి, సౌండ్‌కి ఇవి. ఏళ్ల తరబడి పెరిగిన ఫైల్ అది. ఒకసారి నాకు చూపించాడు. పక్కన ఎక్స్‌ఎఫ్‌సీఈ రెకమెండ్స్ జాబితా పెట్టి చూస్తే రెండిట్లోనూ ముప్పాతిక వంతు అవే పేర్లు. డెబియన్ వాళ్లు ఉచితంగా, అడక్కుండా ఇచ్చిన జాబితాని ఈయన నిద్రా రైలు టిక్కెట్లూ అత్తవారింట్లో పరువూ ఖర్చుపెట్టి మళ్లీ సొంతంగా తయారుచేసుకున్నాడు. నేను ఆ మాటంటే ఆయన నొచ్చుకోలేదు. ‘‘వాళ్ల జాబితా వాళ్లది. ఇందులో ప్రతి పేరూ ఎందుకుందో నాకు తెలుసు’’ అన్నాడు.

అది నిజమే. అందుకే ఈ మనిషిని పూర్తిగా వెక్కిరించడానికి నాకు మనసొప్పదు. సర్వర్ల మీద పనిచేసేవాళ్లూ, కంటైనర్లు కట్టేవాళ్లూ ఈ తోకని రోజూ వాడతారు. అక్కడ ఒక్కో అనవసరపు ప్యాకేజీ అంటే ఇంకో అప్‌డేట్, ఇంకో కంత. ఆఫీసులో ఎవరి మెషీన్‌లో సౌండ్ పోయినా, ప్రింటర్ పలక్కపోయినా, గూగుల్ చెయ్యకుండా ఏది లేదో చెప్పగలిగిన మనిషి ఈయనొక్కడే. అన్నీ లేకుండా బతికినవాడు కాబట్టి ఏది లేకపోతే ఏమవుతుందో ఆయనకి అనుభవమే.

లెక్కలు మాత్రం అడక్కండి. 256 జీబీ డిస్కులో ఆయన మిగిల్చింది ఒక జీబీ ఉంటే ఉంటుంది. బూట్ అయ్యాక ర్యామ్ 230 ఎంబీ చూపిస్తోందని స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులందరికీ పంపుతాడు. పంపడానికి బ్రౌజర్ తెరవాలి. తెరిచాక ఇరవై ట్యాబులు, 3 జీబీ. పట్టీలో అంకె ఎర్రబడుతుంది. ఆయన అటువైపు చూడడు.

ఈ మార్గంలో పైమెట్టు మీద ఎప్పుడూ ఇంకొకడుంటాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా బరువేనని ఐ3 అనే ఇంకా తేలికదానికి మారి కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడో లేదో, ఆఫీసు క్యాంటీన్‌లో డీడబ్ల్యూఎం వాడేవాడు తగిలాడు. దాని మొత్తం కోడ్ రెండు వేల లైన్లు దాటకూడదని రాసినవాళ్ల పట్టుదల. పట్టీ రంగు మార్చాలన్నా సోర్సు తెరిచి దిద్ది మళ్లీ కంపైల్ చెయ్యాలి. అతను అక్కర్లేదుగారి తెర వంక చూసి, ‘‘ఐ3నా బ్రదర్? బానే ఉంటుంది, అన్నీ ఉంటాయి’’ అన్నాడు. ఆ రాత్రి ఈయన అన్నం సరిగ్గా తినలేదు.

ఇంతకీ ఒకరి సిఫారసు గిట్టని ఈ మనిషి సిఫారసు చెయ్యని రోజు లేదు. ఏ కీబోర్డు కొనాలో, ఏ ఎడిటర్ వాడాలో, ఏ ఫాంట్ పెట్టుకోవాలో అడక్కుండా చెబుతాడు. ఆ ‘కావలసినవి’ ఫైల్‌ని స్క్రిప్టుగా మార్చి జూనియర్లకి పంచాడు. ఒక కుర్రాడు, ‘‘బాగుందన్నా, నాకు అక్కర్లేని లైన్లు తీసేసి వాడుకున్నా’’ అన్నాడు. ‘‘అలా ఎలా తీసేస్తావ్? అవన్నీ ఆలోచించి పెట్టినవి!’’ అని ఈయనకి కోపమొచ్చింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. తెనాలిలో వాళ్ల నాన్నగారి కంప్యూటర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. రిటైరైన టీచరు ఆయన. కొడుకు పండగలా వెళ్లి డెబియన్ 13 వేసి వచ్చాడు, తన పద్ధతిలోనే. ఆ రోజు నుంచి సాయంత్రం ఏడయ్యేసరికి ఫోన్. ‘‘ఒరే నాన్నా, పెన్షన్ కాయితం ప్రింటు రావట్లేదురా.’’ ‘‘నాన్నగారూ, టెర్మినల్ తెరవండి.’’ ‘‘అదేదిరా?’’ ‘‘ఈనాడు తెరిస్తే గళ్లొస్తున్నాయిరా, గళ్లనుడికట్టు కాదు, వార్తలే గళ్లు.’’ పదిహేను రోజులయ్యాక వాళ్లమ్మ ఫోన్ తీసుకుని ఒకటే మాట చెప్పింది: ‘‘మీ నాన్నకి బీపీ పెరుగుతోంది.’’

సంక్రాంతికి వెళ్లినప్పుడు, అందరూ పడుకున్నాక, గది తలుపు వేసుకుని, గ్నోమ్ మొత్తం, రెకమెండ్స్‌తో సహా ఎక్కించాడు. నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ‘‘అది వేరే కేసు’’ అన్నాడు.

వారం రోజులు ఫోన్ రాలేదు. ఎనిమిదో రోజు తనే కంగారుపడి చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ మీద పెట్టాడు.

‘‘బ్రహ్మాండంగా ఉందిరా. ప్రింటొస్తోంది, తెలుగొస్తోంది, పెన్‌డ్రైవ్ గుచ్చితే అదే వచ్చేస్తోంది. అన్నిటికంటే నాకు నచ్చిందేంటో తెలుసా? పేపర్లో సుడోకు చేస్తానని గుర్తుపెట్టుకుని మరీ సుడోకు వేశావు చూడు! మీ అమ్మకి చూపించాను. ఎంత ముచ్చటపడిందో.’’

సుడోకు ఈయన వెయ్యలేదు. గ్నోమ్ ప్యాకేజీకి ఆటల మూట రెకమెండ్స్‌లో ఉంటుంది, దాంతో వచ్చింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ‘‘ఆఁ, అవును నాన్నగారూ’’ అన్నాడు.

‘‘పక్కింటి హెడ్మాస్టారూ, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆయనా చూసి ముచ్చటపడ్డారు. వచ్చే శనివారం నువ్వొచ్చి వాళ్లకీ వేస్తావని మాటిచ్చేశాను. ఇలాగే వెయ్యాలి, అన్నీ ఉండాలి. నీ తెలివితేటలు చూపించి ఏదీ తియ్యబోకు.’’