ఆకురాయి బాబాయి

రిటైరై సొంతూరు చేరినవాళ్లలో కొందరు గుడి కమిటీలో దూరతారు, కొందరు తమ షుగరు లెక్కలు ఎదుటివాళ్లకు అప్పజెబుతారు. ఈ రెండూ చేతకానివాళ్లు చెట్లు కోసే మిషను కొంటారు. నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల్లో ఈ జాతి బాగా పెరిగింది. మా బాబాయి అందులో పెద్ద తలకాయ.

ఆయన మిషను కొనడానికి కారణం న్యాయమైనదే. వేసవి గాలివానకు ముసలి కలెక్టరు మామిడిచెట్టొకటి గట్టుకు అడ్డంగా పడింది. కూలీలు అడిగిన డబ్బుకు ఇంకొంచెం వేసుకుంటే మిషనే వస్తుందని లెక్కగట్టాడు. బ్యాంకులో ఊరందరి లెక్కలు సరిచూసిన మనిషి కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. మిషను వచ్చింది. చెట్టు మాత్రం పడ్డచోటే ఉంది. పదును కుదరాలిగా!

మొదటిరోజు ఒక్క కొమ్మ కోశాడట. కోత ఆఖర్న చైను నేలకు తగిలింది. సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైను అది. ఇసుకకు ఒక్క క్షణం రాసుకున్నా పళ్ల మొనలు మొద్దుబారిపోతాయి. అంతే, అప్పటిదాకా పేళ్లు రాల్చిన మిషను పిండి రాల్చడం మొదలుపెట్టింది. మొండి చైనుకు అదే గుర్తు. పదునుంటే చెక్కను చెక్కుతుంది, లేకపోతే పిండి చేసి, పొగ పెట్టి, మనిషి బరువంతా వేసి నొక్కినా కదలనంటుంది. ఇంకొకరైతే బజారుకు పట్టుకెళ్లి సాన పట్టించుకొచ్చేవారు. బాబాయి వీడియోలు చూశాడు.

ఇప్పుడు పొద్దున్నే కాఫీ అవగానే అరుగు మీద బల్ల పడుతుంది. బల్లకు వైసు, వైసులో మిషను బారు. పక్కన తువ్వాలు మీద 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, ఇంకో బల్లపరుపు ఆకురాయి, పిన్ని పాత టూత్‌బ్రష్షు, మార్కరు పెన్ను, భూతద్దం, మనవడి జామెట్రీ బాక్సులోంచి తీసిన కోణమాపిని. వాడు లెక్కల పరీక్షకు అది లేకుండానే వెళ్లాడు. "వాడికి కోణం తప్పితే రెండు మార్కులు పోతాయి. నాకు తప్పితే చైనే పోతుంది" అన్నాడు బాబాయి, ఏమాత్రం నవ్వకుండా.

18 అంగుళాల బారు మీద ఆయన చైనుకు 36 పళ్లు. సగం కుడికి చూస్తాయి, సగం ఎడమకి. ముందు ఒక పన్నుకు మార్కరుతో బొట్టు పెడతాడు, ఎక్కడ మొదలెట్టాడో మర్చిపోకుండా. తర్వాత ఆకురాయిని పంటి లోపల్నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో, ఒక్క తోపు. వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. ముందుకీ వెనక్కీ గీకేవాడంటే ఆయనకు మహా చిరాకు, ఎందుకంటే అలా గీకితే ముందు అరిగేది ఆకురాయే. ఆకురాయిలో ఐదోవంతు పంటి పైఅంచు మీద కనబడుతూ ఉండాలి. పన్నుకు మూడు తోపులంటే మూడే. ఒకవైపు పళ్లన్నీ అయ్యాకే బారు తిప్పి రెండోవైపు. ఆ సమయంలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. ఒకసారి అప్పు కోసం వచ్చిన బంధువొకడు గంటసేపు గుమ్మంలో నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. ఈ మిషను వల్ల ఇంటికి కలిగిన లాభం అదొక్కటేనని పిన్ని అంటుంది.

అసలు ప్రమాదం పంటి ముందర నిలబడే చిన్న బొడిపెతో. పన్ను ఎంత లోతు కొరకాలో తేల్చేది ఆ బొడిపే. మొనకంటే 0.65 మిల్లీమీటరు కిందుండాలి. పన్ను అరిగేకొద్దీ దాని ఎత్తూ తగ్గుతుంది గనక బొడిపెనీ అప్పుడప్పుడు తగ్గించాలి. చాలామంది దాన్ని వదిలేసి, పదును పెట్టినా కోయడం లేదేమని మిషన్ను తిడతారు. మరీ తగ్గిస్తే ఇంకా ముప్పు, చైను చెక్కను గబుక్కున పట్టేసి మిషను మనిషి మీదికే ఎగురుతుంది. ఇందులో బాబాయి చెప్పేది అక్షరాలా నిజం. కాకపోతే 0.65 అంటే ఎంతో చూపించడానికి, పెళ్లి పందిట్లో శుభలేఖ మడతపెట్టి పురోహితుడి వేళ్ల మధ్య ఇరికించక్కర్లేదు.

ఇంటికొచ్చినవాళ్లకు జో కాక్స్ కథ తప్పదు. అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టుకునే మనిషి. 1946లో ఒక మోడును తొలుస్తున్న పురుగును చూశాడు. అది నారకు అడ్డంగానూ, నిలువుగానూ ఒకే తీరున కొరుక్కుపోతోంది. దాని దవడలు చూసి కొత్త రకం పన్ను తయారుచేశాడు, మరుసటి ఏడాదికల్లా చైను అమ్మాడు. ఇవాళ్టి చైన్లన్నీ దాని వారసులే. "పురుగు దగ్గర పాఠం నేర్చుకున్నాడయ్యా!" అని బాబాయి కళ్లు పెద్దవి చేస్తాడు. మజ్జిగ గ్లాసులు తెచ్చిన పిన్ని, "ఆ పురుగైనా చెట్టు కోసింది కదండీ" అనేసి లోపలికి పోతుంది.

పక్క పొలంలో సుబాబుల్ కోతకు ముఠా దిగినప్పుడు బాబాయి తువ్వాలుతో సహా అక్కడికి వెళ్లాడు. మేస్త్రి మోడుకు మిషను ఆనించుకుని, బీడీ పంట కరిచి, ఆకురాయి చకచకా తోసేస్తున్నాడు.

"ఎన్ని డిగ్రీలు పెడుతున్నావు మేస్త్రీ?"

"డిగ్రీలేంటండీ? పన్ను మీద కంపెనీవోడే గీత కొట్టాడుగా. దాని ఎంట పోడమే."

బాబాయి భూతద్దం తీశాడు. గీత ఉంది. కోణమాపిని పెట్టాడు. 30. ఆయన మొహం చూడాల్సింది! అయితే ఓడిపోయే రకం కాదు. పళ్లన్నీ ఒకసారి చూసుకుని, "నీ మిషను కోతలో ఒక పక్కకి లాగుతోంది కదూ?" అన్నాడు. మేస్త్రి బీడీ తీసేశాడు. "ఎలా తెలిసిందండీ?" ఒకవైపు పళ్లు పొడుగు, ఒకవైపు పొట్టి. చేతివాటం రెండువైపులా ఒకేలా ఉండదు, అందుకే కోత వంకర తిరుగుతుంది. ఆ రోజు నుంచి ఆ ముఠాలో బాబాయికి నమస్కారాలు దక్కుతున్నాయి. రోడ్డుపక్క వేపచెట్టు కోతకు ఒప్పుకునే ముందు, దానికి కొట్టిన స్పోకెన్ ఇంగ్లీషు బోర్డుల మేకులెక్కడున్నాయో చూసిపెట్టమని కూడా పిలుస్తున్నారు.

కానీ ఆయన సొంత చైను కొంపముంచింది ఆ సూత్రమే. పళ్లన్నీ సమానంగా ఉండాలి, అంటే అన్నిట్లోకీ పొట్టిదాని స్థాయికి మిగతావాటిని దించాలి. దించేటప్పుడు ఏదో ఒకటి ఇంకాస్త పొట్టిదవుతుంది. మళ్లీ అన్నిటినీ దానికి దించాలి. మీసం రెండువైపులా సరిచేయబోయి ఆఖరికి నున్నగా గీసుకున్నవాడి కథే ఇదీ. పన్ను 4 మిల్లీమీటర్లకు వచ్చాక ఆ చైను వాడకూడదు. బాబాయి చైను ఆ హద్దు చేరింది, జన్మలో ఒక్క కొమ్మ కోసి.

ఆయన కొత్త చైను కోసం విజయవాడ వెళ్లిన రోజు చూసి, పిన్ని ముఠా మేస్త్రికి కబురుపెట్టింది. సాయంత్రానికి గట్టు ఖాళీ. బస్సు దిగిన బాబాయి తోటవైపు చూడనైనా చూడలేదు. అరుగు మీద కూర్చుని, పెట్టె విప్పి, కొత్త చైను మొదటి పన్నును భూతద్దం కింద పెట్టి, ఆకురాయి అందుకున్నాడు.

"కొత్తదాన్ని కూడానా?" అంది పిన్ని.

"కంపెనీ పదునును నమ్ముకుంటే ఎలాగే?"