పెడల్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "9 వోల్టులు, డీసీ, మధ్య ధ్రువం ఋణం. వాడనప్పుడు ఇన్‌పుట్ ప్లగ్గు ఊడదీయవలెను."

అవతారిక: ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడి కాళ్ల దగ్గరుండే పెడల్ అడుగున, రబ్బరు బిళ్లల నడుమ, భూతద్దానికి కూడా పరీక్ష పెట్టే అక్షరాలతో ఈ సూత్రం ఉంటుంది. కర్త ఎవరో తెలియదు కనుక అపౌరుషేయం. డబ్బా పైన మాత్రం ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అని బిరుదులు బారెడు అక్షరాలతో వెలుగుతాయి. ఆ బిరుదులకు భాష్యం చెప్పే టోన్ పండితులు కోకొల్లలు. అడుగు తిప్పి చూసినవాడు ఒక్కడు కనబడడు. లోకానుగ్రహార్థం మేము పూనుకున్నాం.

ప్రతిపదార్థం: 9 వోల్టులు, స్పష్టం. డీసీ, మరీ స్పష్టం. మధ్య ధ్రువం ఋణం: మాన్యువల్ రాసిన మహానుభావుడు దీన్ని కూడా స్పష్టమనుకుని దాటేశాడు. నాబ్ కుడికి తిప్పితే శబ్దం పెరుగుతుందని చెప్పడానికి అరపేజీ తీసుకున్నవాడికి ఇక్కడ గోరంత బొమ్మ సరిపోయింది. అయ్యా, ఇళ్లలోని రౌటర్ల అడాప్టర్లలో చాలావాటికి మధ్యది ధనం. పిన్ను కొలత చాలాసార్లు ఒకటే, అదైనా ఇదైనా నిక్షేపంగా దూరుతుంది. తిరగబడి దూరితే కాపలా డయోడ్ ఉన్న పెడల్‌లో డయోడ్ బలి, లేనిదాంట్లో లోపలి చిప్పు బలి.

ఋణం మధ్యలోకి ఎందుకు వచ్చినట్టు? బ్యాటరీకి ఋణం వైపు దారిని ఇన్‌పుట్ జాక్ తెంచుతుంది. అడాప్టర్ గుచ్చినప్పుడు ధనం వైపు దారి తెగాలి. తెంచే రేకు అడాప్టర్ జాక్‌లో బయటి గొట్టం వైపే ఉంటుంది. కనుక బయట ధనం, లోపల ఋణం. ఈ రెండు ముక్కలు అచ్చువేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఊడదీయవలెను: పెడల్ మీద కాలితో తొక్కే స్విచ్ ధ్వనిని మళ్లిస్తుంది, కరెంటును ఆపదు. ఇన్‌పుట్ జాక్ స్టీరియోది, గిటారు ప్లగ్గు మోనోది. ప్లగ్గు గొట్టం జాక్‌లోని రెండు రేకులను కలిపేస్తుంది. దాంతో బ్యాటరీ ఋణం సర్క్యూట్ గ్రౌండుకు చేరి ప్రవాహం మొదలవుతుంది. అంటే ప్లగ్గే స్విచ్. రాత్రంతా గుచ్చి ఉంచితే రాత్రంతా తాగుతుంది.

విశేషం: బ్యాటరీలో ప్రాణముందా లేదా అని గిటారువాళ్లు నాలుకకు ఆనించి చూస్తారు. ఇది సామాన్యమైన ఆచారం కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన యోహాన్ గియోర్గ్ జుల్సర్ 1750ల్లో సీసపు ముక్కను, వెండి ముక్కను అంచులు కలిపి నాలుక మీద పెట్టుకున్నాడు. విడివిడిగా ఏ రుచీ లేని లోహాలు, కలిసేసరికి అన్నభేది రుచి. చిత్రమేమంటే ఆయన విద్యుత్ శాస్త్రజ్ఞుడు కాడు, ఆలంకారికుడు! లలితకళల సిద్ధాంతం మీద నిఘంటువు రాసినవాడు. ఈ అనుభవాన్ని చెప్పింది కూడా ఇంద్రియాలకు హాయి ఎందుకు కలుగుతుందో చర్చించే వ్యాసంలో. అలా ఒక రసవేత్త నాలుక మీద కరెంటు పారింది, ఆయన దాన్ని కరెంటని గుర్తించలేదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా జింకు, వెండి బిళ్లలను దొంతరగా పేర్చి, 1800లో లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం రాశాక గానీ సంగతి తేలలేదు. ఆ దొంతరే ఈనాటి 9 వోల్టుల బ్యాటరీ. రేకు విప్పి చూడండి, ఒకటిన్నర వోల్టు గదులు ఆరు వరసగా ఉంటాయి. ఇక ఆ జివ్వుమనే రుచిని షడ్రసాలలో ఎక్కడ చేర్చాలి? ఆమ్లమందామా అంటే చింతపండు ఒప్పుకోదు. కషాయమందామా అంటే కరక్కాయ ఒప్పుకోదు. ఏడో రసమని మా మతం. సరే, పెడల్ మాట మరిచాం.

పూర్వపక్షం: కొనవూపిరితో ఉన్న జింక్-కార్బన్ బ్యాటరీతోనే టోన్ తేనెలా జారుతుందని పండితులు. గిటారిస్టు ఎరిక్ జాన్సన్ బ్యాటరీల బ్రాండ్ల మధ్య తేడా కూడా వినగలడని ప్రసిద్ధి కనుక తమకూ వినిపిస్తుందని వారి తర్కం.

సిద్ధాంతం: పాత జర్మేనియం ఫజ్ వరకు ఇందులో నిజముంది. బ్యాటరీ అరిగేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, వోల్టేజి దిగుతుంది, ట్రాన్సిస్టర్ల బయస్ కదులుతుంది. ఆ ఫజ్ మహిమను ప్రతిధ్వని పుట్టించే డిజిటల్ డిలే పెడల్‌కు అంటగట్టడమే మా ఏడుపు. ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీఆంపియర్-గంటలుంటాయి. 5 మిల్లీఆంపియర్లు చాలనే డిస్టార్షన్‌కు అది 100 గంటలు. 100 అడిగే డిలేకు కాగితం మీద 5 గంటలు, స్టేజీ మీద అంతకన్నా తక్కువ. బ్యాటరీ ఆత్మ గురించి గంట ఉపన్యసించి, ప్లగ్గు గుచ్చి వదిలేసి భోజనానికి వెళ్లి, తిరిగొచ్చి రెండో పాట చరణంలో మూగబోయే వాద్యకారులను కన్నాం. అప్పుడు ఎవడిదో చవక అడాప్టర్ అరువు తెస్తారు. అది మెయిన్స్ తాలూకు 100 హెర్ట్జుల గుర్రును స్పీకర్లోకి దించుతుంది. సౌండ్ ఇంజినీర్‌ను తిడతారు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "మా కంపెనీ అడాప్టర్ మాత్రమే వాడవలెను" అని అధికపాఠం కనబడుతుంది. ఇది నిస్సందేహంగా ప్రక్షిప్తం. నిజంగా ఋషివాక్యమే అయితే ఆ అడాప్టర్‌ను డబ్బాలోనే పెట్టేవారు, విడిగా అమ్మేవారు కాదు.