గీత జరిపితే పెరిగే నగరం

హైదరాబాద్ బెంగళూరును దాటేసిందంటూ తరచూ ఫోన్లలో పండగ జరుగుతుంది. మర్నాడే బెంగళూరు వాళ్లు మరో పట్టికతో తొడగొడతారు. రెండింటిలోనూ బాణాలుంటాయి, ర్యాంకులుంటాయి. లేనిదొక్కటే: నగరం అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న మాట. హైదరాబాద్ శివారు యాప్రాల్ నుంచి చూస్తే ఈ లోటు బాగా కనబడుతుంది. పక్కనే సికింద్రాబాద్ కంటోన్మెంట్. 2011 జనగణన నాటికి అక్కడున్న రెండు లక్షల పైచిలుకు మంది గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ లెక్కలో లేరు. హైదరాబాద్ ఎండలో, ట్రాఫిక్‌లో వాళ్లకు పూర్తి వాటా ఉంది, జనాభాలో మాత్రం చోటు లేదు.

ఇక పెరుగుదల సంగతి. 2001లో పాత మున్సిపల్ కార్పొరేషన్ జనాభా 36 లక్షలు దాటింది. 2011కి గ్రేటర్ జనాభా 67 లక్షలు. పదేళ్లలో 85 శాతం! అంతమంది పిల్లలు ఎప్పుడు పుట్టారని కంగారు పడనక్కర్లేదు. 2007లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపేశారు. కూకట్‌పల్లి, ఎల్బీనగర్ జనం గుమ్మం దాటకుండానే హైదరాబాద్‌కు వలస వచ్చేశారు. అదే ఏడాది బెంగళూరూ అదే విద్య ప్రదర్శించింది, 43 లక్షల నుంచి 84 లక్షలకు ఎదిగింది. శివారు పట్టణాలను మొదటి నుంచీ కలుపుకుని లెక్కేసే నగర సముదాయం అంకెలు తీస్తే, అదే పదేళ్లకు హైదరాబాద్ పెరుగుదల 35 శాతం, బెంగళూరుది 49 శాతం. ఘనతలో సగం కంచె జరిపినవాడిదే! 2025లో బెంగళూరు కార్పొరేషన్‌ను అయిదు ముక్కలు చేశారు, ఆ ఏడాది చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో 27 పట్టణ సంస్థలను కలిపారు. పట్టికల వీరుల తర్కం ప్రకారమైతే ఒక నగరం రాత్రికి రాత్రి కుంగిపోవాలి, మరొకటి విశ్వనగరం కావాలి. రెండు చోట్లా మర్నాడు పాలప్యాకెట్లు ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి.

ఆదాయం లెక్క ఇంకా తమాషా. మన నగరాలకు విడిగా అధికారిక జీడీపీ ప్రకటించరు, అందుకని జిల్లా అంకెను తెచ్చి నగరానికి తొడుగుతారు. యాప్రాల్ ఉన్నది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో. ఇక్కడ టిఫిను తిని బయల్దేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తిరుమలగిరిలో హైదరాబాద్ జిల్లా తొక్కి, బాలానగర్‌లో మళ్లీ సొంత జిల్లాకొచ్చి, గచ్చిబౌలిలో రంగారెడ్డి జిల్లా చేరతాడు. అతని శ్రమ ఫలం రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, తలకాయ మాత్రం మేడ్చల్ జనాభాలో ఉంటుంది. ఆపైన తలసరి ఆదాయంలో రంగారెడ్డిదే రాష్ట్రంలో మొదటి స్థానమని ఆశ్చర్యపోతాం! లవం ఆఫీసులో, హారం ఇంట్లో ఉంటే భాగహారం అలాగే వస్తుంది.

సరిహద్దు ఎలా ఉంటేనేం, నగరం పెరుగుతున్నది కళ్లకు కనబడటం లేదా అంటారు. కనబడుతోంది, కాదన్నదెవరు? ఎంత, ఎవరికన్నా ఎక్కువ అన్నదే గొడవ. జనం పెరిగితే సంపద పెరిగినట్టే కదా అంటారు మరికొందరు. మనవాళ్లు బోలెడుమంది ఉన్న అమెరికానే చూడండి. డల్లాస్ ప్రాంత జనాభా శాన్ హోసే ప్రాంతానికి దాదాపు నాలుగింతలు, పెరిగే వేగమూ ఎక్కువే. తలసరి ఉత్పత్తిలో మాత్రం శాన్ హోసేది చాలా పైచేయి. తలలు లెక్కపెట్టడం, జేబులు తడమడం ఒకటి కాదు. పోటీ ఉంటేనే నగరాలు బాగుపడతాయన్న వాదనలో కొంత నిజముంది. కానీ పరుగుపందెంలో ఒకడికి గజాల్లో, మరొకడికి మీటర్లలో బాట గీసి పతకాలు పంచితే దాన్ని పోటీ అనరు.

అమెరికావాళ్లు కార్పొరేషన్ గీతను పక్కనపెట్టి, శివారు కౌంటీ నుంచి పనిచేసేవాళ్లలో కనీసం 25 శాతం మంది నడిమి కౌంటీలకు వెళ్తుంటే దాన్ని ఆ మహానగర ప్రాంతంలో కలుపుతారు. అంటే సరిహద్దు గీసేది జనం రాకపోకలే. మనకు 2011 తర్వాత పూర్తయిన జనగణనే లేదు, అప్పట్నుంచీ తిరుగుతున్న జనాభాలన్నీ అంచనాలే. ఆ 2011లోనైనా పనిచోటు ఎంత దూరం, దేనిమీద వెళ్తారు అని అడిగారు గానీ ఎక్కడికి వెళ్తారని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబుంటే యాప్రాల్ ఏ నగరమో, ఆ నగరం ఎంతో తేలిపోయేది. తేలితే మరి నెలనెలా పండగ ఎలా చేసుకోవడం?